నూనెగింజల వ్యాపారంలో అగ్రికల్చర్ పిల్లలకు చోటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది చదువుతోంది. ఏఓ (వ్యవసాయ అధికారి) పోస్టుకు ప్రిపేర్ అవ్వమంటే, నూనెగింజల దిగుమతుల వైపు వెళ్తానంటోంది. అందులో ఉద్యోగాలుంటాయా? ఎంబీఏ చేయించాలా?
- ఒక తండ్రి, చీరాల

జవాబు: ఉంటాయండీ. ఎంబీఏ సంగతి తర్వాత, ముందు ఆ పనేమిటో చెబుతాను.

మన దేశం ఏటా సుమారు 160 లక్షల టన్నుల వంటనూనె తెప్పించుకుంటోంది. ఇండోనేసియా, మలేసియాల నుంచి పామాయిల్, అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి సోయా, రష్యా, ఉక్రెయిన్ నుంచి పొద్దుతిరుగుడు నూనె. గింజలు మాత్రం చాలా తక్కువ. చైనా ఏటా దాదాపు 10 కోట్ల టన్నుల సోయా గింజలు కొని తన మిల్లుల్లోనే ఆడించుకుంటుంది. మనకలా కుదరదు. అమెరికా, బ్రెజిల్ సోయా దాదాపు అంతా జన్యుమార్పిడి పంట. ఆ గింజ రావాలంటే పర్యావరణ చట్టం కింది 1989 నిబంధనల ప్రకారం జీఈఏసీ (జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ) అనుమతి ఉండాలి. పైగా 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం దిగుమతి పర్మిట్, సరుకులో తెగుళ్లు, పురుగులు లేవని పంపే దేశమిచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ తప్పనిసరి. అదే 2021 ఆగస్టులో దాణా ధరలు మండిపోయి కోళ్ల రైతులు మొత్తుకుంటే, 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్కకు కేంద్రం దారి ఇచ్చింది. నూనె తీసిన చెక్క మొలకెత్తదు కాబట్టి పర్యావరణ శాఖ అడ్డు చెప్పలేదు. ఇలాంటి తేడా మీ అమ్మాయికి చిటికెలో అర్థమవుతుంది. కామర్స్ చదివినవాళ్లకు కూర్చోబెట్టి చెప్పాలి.

సుంకాలదీ ఇదే తీరు. 2024 సెప్టెంబరులో ముడి నూనెలపై మొత్తం సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగింది. 2025 మే చివర్లో 16.5కి దిగింది. రిఫైన్డ్ నూనెపై మాత్రం 35.75 శాతం అలాగే ఉంచారు, ఇక్కడి రిఫైనరీలు నడవాలని. ఈలోగా నేపాల్ నుంచి సుంకం లేకుండా సోయా నూనె వచ్చిపడింది. అక్కడ అంత సోయా పండదు. మరి ఆ సరుకు నిజంగా ఏ దేశానిది? ఇలాంటివి తేల్చడానికే 2020లోనే కేంద్రం కస్టమ్స్ మూలదేశ నిబంధనలు తెచ్చింది. ఆ కాగితాలు సరిగ్గా చూడగలిగిన మనిషి దిగుమతి కంపెనీకి చాలా అవసరం.

మనకు దగ్గర్లోనే కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గర రిఫైనరీలున్నాయి. సరుకు నాణ్యత పరీక్షించే సంస్థలు, ముంబైలో బ్రోకర్లు, ధరల విశ్లేషణ సంస్థలు కూడా తీసుకుంటాయి. ప్రభుత్వంలోనే ఉండాలనుకుంటే, మొక్కల తెగుళ్లు లేదా కీటకశాస్త్రంలో ఎంఎస్సీ చేస్తే ప్లాంట్ ప్రొటెక్షన్ ఆఫీసర్ పోస్టులకు యూపీఎస్సీ ద్వారా వెళ్లొచ్చు. అవి ఏటా పడవు, అది గుర్తుంచుకోండి.

ఎంబీఏ చేయించాలనుకుంటే ఏదో ఒక కాలేజీలో డబ్బు పొయ్యకండి. హైదరాబాద్‌లో మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ)లో అగ్రి బిజినెస్ కోర్సుంది, క్యాట్ రాయాలి. రాజేంద్రనగర్‌లోనే ఉన్న ఎన్ఐపీహెచ్ఎం (జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ)లో క్వారంటైన్, ఫ్యూమిగేషన్ (పొగతో పురుగులు చంపడం) శిక్షణలు కూడా చూడండి.

ఏఓ ప్రిపరేషన్ మానమని నేననను. రెండూ కొంతకాలం కలిసి నడుస్తాయి. ఈ వేసవి సెలవుల్లో మాత్రం ఏదైనా రిఫైనరీలోనో కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులోనో ఇంటర్న్‌షిప్ అడిగించండి. డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్), కస్టమ్స్ నోటిఫికేషన్లు ఇప్పటి నుంచే చదవడం మొదలుపెట్టమనండి. కొన్ని నెలలు చదివాక కూడా ఆసక్తి తగ్గకపోతే, ఆమెను ఆపకండి.