లాడ్జిలో ఒక పగలంతా ఉండిపో, తల్లీ

కడప.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

సంక్రాంతి సెలవుల్లో పిల్లలను, మీ అత్తగారిని వెంటబెట్టుకొని అట్లాంటాలో ఉన్న మీ తమ్ముడి దగ్గరకు పోయి, అక్కడి నుంచి ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులకు వెళ్లాలనుకుంటున్నారని, దిగడానికి వైల్డర్‌నెస్ లాడ్జి చూస్తున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అక్కడ మేము రెండుసార్లు దిగివచ్చిన వాళ్లం కాబట్టి పెద్దమ్మను అడుగమని నీకు చెప్పిందట. ఫోనులో మాట్లాడితే చెప్పేటప్పుడు నేను సగం మరచిపోతాను, విన్నదాంట్లో నువ్వు సగం మరచిపోతావు. అందుకే తీరికగా కూర్చొని రాస్తున్నాను.

ముందు మీ అత్తగారి సందేహం తీర్చు. లాడ్జి అనగానే ఆమె మొహం చిట్లించిందని విన్నాను, అందులో ఆమె తప్పేమీ లేదు. మన అనంతపురంలోనైనా కడపలోనైనా లాడ్జి అంటే బస్టాండు ఎదుట ఇరుకు మెట్లెక్కి పోతే వచ్చే ఇనుప మంచాల గది, కింద టీ అంగడి, రాత్రంతా బస్సుల హారన్లు. అమెరికా పడమటి అడవుల్లో లాడ్జి అంటే పెద్ద పెద్ద దుంగలతో, రాళ్లతో కట్టిన విడిది. అక్కడి యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనంలో 1904లో తెరచిన ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ అనే దుంగల భవనం ఉన్నది. దానినీ, అటువంటి మరికొన్ని అడవి విడుదులనూ మనసులో పెట్టుకొని పీటర్ డొమినిక్ అనే వాస్తుశిల్పి ఈ లాడ్జిని రూపొందించాడు. బే లేక్ అనే చెరువు గట్టున 1994లో దీనిని తెరిచారు. చుట్టూ చెట్లే కనబడతాయి, మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు మాత్రం పడవ ఎక్కితే కొద్దిసేపటి దూరం.

ఇక అసలు విషయం. మొదటిసారి మేము జూన్ నెలలో పోయినప్పుడు, డబ్బు పోసి కొన్న టికెట్లు వృథా కాకూడదన్న పట్టుదలతో మూడు రోజులూ పొద్దున ఏడింటికి బయటపడి రాత్రి పదింటికి తిరిగి వచ్చాము. తిరుమలలో సత్రం గదిలో మూటలు పడేసి దర్శనానికి పరుగెత్తినట్టు ఉండింది మా వరుస. సత్రానికైతే అది చెల్లుతుంది, దానికి మనం కట్టేది వందో రెండువందలో. ఇక్కడ గదికి కట్టిన డబ్బులో సగానికి పైగా ఆ భవనానికీ, ఆ చెరువు గట్టుకూ కట్టినదే కదా అన్న ఆలోచన ఆ మూడు రోజులూ మాకు ఎవరికీ రాలేదు. నాలుగో రోజు పొద్దున సామాను అప్పగించేసి, మా వాడు కారు కోసం పోయినప్పుడు, హాలులో ఒక ఊగే కుర్చీలో కూర్చొని నేను మొదటిసారి తలెత్తి చూశాను.

ఆ హాలులో 82 అడుగుల ఎత్తున ఒక రాతి పొయ్యిగోడ ఉన్నది, చలి కాచుకోవడానికి పెట్టే నెగడు లాంటిది, మూడు వైపుల నుంచీ చూడవచ్చు. గ్రాండ్ కేన్యన్ లోయలో నేల పొరలు ఏ వరుసలో పేరుకున్నాయో, ఆ వరుసలోనే దాని రాళ్లను పేర్చారు. అడుగున ఉన్నది అన్నిటికన్నా పాత పొర, పైకి పోయేకొద్దీ కొత్తవి, ఒక్కొక్క పొరది ఒక్కొక్క రంగు. మా మనవడు కింద బండల మీద చతికిలబడి వేలితో ఆ పొరలను లెక్కపెడుతూ, "అవ్వా, ఇది గండికోట కదా?" అని అడిగాడు. అంతకు ముందు ఏడాదే వాడిని జమ్మలమడుగు మీదుగా గండికోటకు తీసుకుపోయి, పెన్న కోసిన లోయ అంచున నిలబెట్టి చూపించి ఉన్నాను. ఏడో తరగతి పిల్లలకు ముప్పై ఏళ్లు భూగోళం చెప్పినదానిని, అటువంటి పాఠం మూడు రాత్రులు నా నెత్తిమీదే ఉంటే చూడకుండా పోయాను. ఇంకో పావుగంటలో కారు వచ్చింది, వెళ్లిపోయాము. ఆ హాలులోనే 55 అడుగుల టోటెమ్ స్తంభాలు రెండు ఉన్నాయి, ఒకదానిపై ఒకటిగా పక్షుల, జంతువుల ముఖాలు చెక్కినవి. వాటిని కారులో కూర్చున్న తరువాత ఫోటోలో చూసుకున్నాను.

రెండోసారి జనవరిలో పోయినప్పుడు ఒక రోజుకు అసలు పార్కు టికెట్టే కొనలేదు. నువ్వు కూడా నాలుగు రాత్రులు ఉండేటట్టయితే రెండు రోజులకు, మహా అయితే మూడు రోజులకు టికెట్లు తీసుకో. రోజులు పెరిగేకొద్దీ రోజుకు పడే ధర తగ్గుతుందని ట్రావెల్స్ వాళ్లు ఆశపెడతారు, అది నిజమే కూడా. కానీ మొత్తం బిల్లు పెరుగుతుంది, పిల్లల కాళ్లు అరుగుతాయి. పార్కులు నాలుగు ఉన్నాయని నాలుగూ చూసి తీరాలన్న నియమం ఏమీ లేదు. నీ పిల్లల వయసుకు 1971లో మొదట తెరచిన మ్యాజిక్ కింగ్‌డమ్, 1998లో వచ్చిన యానిమల్ కింగ్‌డమ్ చాలు.

ఖాళీ ఉంచుకునే ఆ రోజు రెండు పార్కు రోజుల మధ్య పడేటట్టు చూసుకో, చివర పెట్టుకుంటే సామాను సర్దడంతోనే సరిపోతుంది. అట్లాంటాలో రెండు మూడు రోజులు ఉండి పోయినా చిన్నపిల్లలకు పగలూ రాత్రీ తిరగబడి ఉంటాయి, చలికాలంలో మనకూ అక్కడికీ తేడా పదిన్నర గంటలు. మా మనవడు తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటే, మిగిలిన వాళ్ల నిద్ర చెడకుండా వాడిని కిందికి తీసుకుపోయాను. హాలులో నేల తుడిచే మనిషి ఒకతను, మేమిద్దరం, అంతే. ఈసారి పొరలన్నీ కుదురుగా లెక్కపెట్టాడు, రెండుసార్లు లెక్కపెడితే రెండు లెక్కలు వచ్చాయి. ఆ హాలులోనే ఒక ఊట పుట్టినట్టు పెట్టారు. ఆ నీళ్లు వాగై, కట్టడం దాటి, బయట రాళ్ల మీద నుంచి దూకి ఈత కొలను వైపు పారినట్టు కనిపిస్తాయి. చెరువు గట్టున గంటకొకసారి నీళ్లు పైకి చిమ్మే గీజర్ ఉన్నది. గీజర్ చూద్దాం రమ్మంటే మీ పెదనాన్న స్నానాల గదిలోకి పోయి వెదికారు. కొలను నీళ్లు వెచ్చగానే ఉంచుతారు గానీ, జనవరి పొద్దుల్లో చలి పది డిగ్రీల దరికి దిగుతుంది కాబట్టి పిల్లలను మధ్యాహ్నం తరువాత దింపు, స్వెట్టర్లు మరచిపోవద్దు.

ఆ ఖాళీ రోజు రాత్రి తొమ్మిది దాటాక మీ అత్తగారిని తప్పకుండా చెరువు గట్టుకు తీసుకుపో. దీపాలతో చేప, తాబేలు, తిమింగలం వంటి ఆకారాలు కట్టిన తెప్పలు సంగీతంతో వరుసగా చెరువు మీద సాగిపోతాయి. 1971 అక్టోబరు నుంచీ జరుగుతున్న వేడుక అది, దానికి టికెట్టు లేదు, గాలివాన ఉంటే మాత్రం ఆపివేస్తారు. మన తెప్పోత్సవం తెలిసిన వాళ్లకు దానిని ఎవరూ వివరించనక్కరలేదు. ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఫ్లోరిడా చెరువుల్లో మొసళ్ల జాతి జంతువులు ఉంటాయి, అక్కడ బోర్డులు కూడా పెట్టి ఉంటారు. ఇసుక కనబడిందని పిల్లలను నీటి అంచుకు, ముఖ్యంగా పొద్దు గూకిన తరువాత, ఎంతమాత్రం పోనివ్వవద్దు.

తేదీల మాట చెప్పాలంటే, క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య వారం అన్నిటికన్నా రద్దీ, అన్నిటికన్నా ఖరీదు. సంక్రాంతి సెలవులు ఆ గండం దాటాకే వస్తాయి గనుక నీకు మేలే. అయితే జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ పేరున వాళ్లకు సెలవు, దాని ముందరి శని ఆదివారాలతో కలిపి మళ్లీ జనం వస్తారు. అంతకు ముందు ఆ నెలలోనే మారథాన్ పరుగు కూడా ఉంటుంది. ఆ రెండు తేదీలూ చూసుకొని, వీలైతే మంగళవారం నుంచి శుక్రవారం వరకు ఉండేటట్టు పెట్టుకో.

గది విషయంలో మేము దెబ్బతిన్నాము, అది పూర్తిగా మా తెలివితక్కువతనమే. అక్కడి మామూలు గది నలుగురికే. మీరు ఐదుగురు. మన ఇళ్లలోలాగా చాప పరచుకొని ఇంకొకరు సర్దుకుంటారులే అంటే కుదరదు. మూడేళ్లు నిండని చంటిపిల్లనైతే ఊయలలో అదనంగా ఉండనిస్తారు గానీ, నీ చిన్నదానికి నాలుగేళ్లు. కాబట్టి రెండు మామూలు గదులైనా తీసుకోవాలి, లేదా ఆ ఆవరణలోనే ఉన్న విల్లాలలో వంటగదితో సహా రెండు పడకగదులు ఉన్నదైనా చూడాలి. రెండింటి ధరనూ పన్నుతో కలిపి పోల్చు. తెర మీద కనబడే ధరకు, ఆ లాడ్జి ఉన్న జిల్లా ఆరెంజ్ కౌంటీలో నూటికి పన్నెండున్నర డాలర్ల పన్ను పైన పడుతుంది. మేము ఇక్కడ ఒక ట్రావెల్స్ ద్వారా కొన్నప్పుడు ఆ మాట వాళ్లు చెప్పలేదు, మేము అడగలేదు. కిటికీలోంచి చెరువు కనబడే గదికి ఎక్కువ అడుగుతారు, నా మాట విని అది వదిలేయి. అక్కడి అందమంతా హాలులోనూ గట్టు మీదా ఉన్నది, రెంటికీ గది తలుపు తీసుకొని రావలసిందే.

విల్లా తీసుకుంటే మీ అత్తగారి తిండి బెంగ తీరిపోతుంది, అన్నం వండుకోవచ్చు. మామూలు గదిలో వంటకు వీలుండదు. అప్పుడు నీకు అక్కరకు వచ్చేవి బొరుగులు, పప్పుల పొడి, నిమ్మకాయ ఊరగాయ, వేడినీళ్లు పోస్తే అయ్యే అటుకులు. తిండి పదార్థం ఏది తీసుకుపోయినా విమానాశ్రయంలో ఉన్నదున్నట్టు రాసి చూపించు, దాచవద్దు. పచ్చి కరివేపాకు మాత్రం ఒక్క రెమ్మ కూడా పెట్టుకోవద్దు. అది నిమ్మ, చీనీ జాతి చెట్లకు చుట్టం, ఆ తోటలను ఎండబెట్టే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది. ఫ్లోరిడాలో 2005లో ఆ తెగులు కనబడిన తరువాత నారింజ తోటలు ఎంత దెబ్బతిన్నాయో మీ మామగారికి చెబితే ఆయనకు వెంటనే అర్థమవుతుంది, చీనీ తోట పెంచిన మనిషి కదా. లాడ్జిలో విస్పరింగ్ కేన్యన్ కెఫే అనే భోజనశాలలో వడ్డించేవాళ్లు అరుస్తూ తమాషాలు చేస్తారు. టమోటా కెచప్ కావాలని నీ పెద్దవాడి చేత అడిగించు, ఏమవుతుందో నేను చెప్పను. కూర్చొని తినే చోట్లకు 60 రోజుల ముందే చెప్పి పెట్టుకోవాలి. మీ అత్తగారికి ఒక పూట మన రుచికి దగ్గరగా పెట్టాలంటే, యానిమల్ కింగ్‌డమ్ పార్కుకు పోయిన రోజు అక్కడి నుంచి ఇంకో బస్సెక్కి యానిమల్ కింగ్‌డమ్ లాడ్జిలోని సనా అనే హోటలుకు పోండి, రొట్టెలు చాలా రకాల పచ్చళ్లతో ఇస్తారు. ఆ లాడ్జి 2001లో వచ్చింది, అది కూడా డొమినిక్ రూపొందించినదే. బయట మైదానంలో జిరాఫీలు మేస్తుంటాయి.

రాకపోకల గురించి పాత సలహాలు నమ్మవద్దు. విమానాశ్రయం నుంచి హోటలుకు ఉచితంగా తీసుకుపోయే బస్సు 2022 జనవరి నుంచి లేదు. టాక్సీ మాట్లాడుకునేటప్పుడు చిన్నదానికి పిల్లల సీటు కావాలని ముందే చెప్పు. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు పడవ, మిగిలిన పార్కులకు బస్సు. ఉరుములు మెరుపులు ఉంటే పడవ ఆగిపోతుంది, అప్పుడు దానికీ బస్సే.

డిస్నీ వాళ్ల హోటళ్లలో దిగినవాళ్లను పార్కులోకి అరగంట ముందు వదులుతారు, అది వదులుకోవద్దు. లైట్నింగ్ లేన్ అని డబ్బు కట్టి వరుస తగ్గించుకునే ఏర్పాటు ఉన్నది, మన శీఘ్రదర్శనం వంటిదే. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లు దానిని 7 రోజుల ముందు, బయటివాళ్లు 3 రోజుల ముందు తీసుకోవచ్చు. టికెట్టు 3 నుంచి 9 ఏళ్ల వరకు పిల్లలది, పదేళ్లు నిండితే పెద్దవాళ్లది. నీ పెద్దవాడికి ఫిబ్రవరిలో పది నిండుతాయి కాబట్టి జనవరిలో పోవడం ఆ విధంగా కూడా కలిసి వచ్చింది. మీ అత్తగారి మోకాళ్లకు పార్కులో చక్రాల కుర్చీ అద్దెకు తీసుకోండి, నడుస్తాను నడుస్తాను అంటుంది, వినవద్దు.

ఇంకొకటి మిగిలింది. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో స్పేస్ మౌంటెన్ అనే జోరు బండి ఎక్కాలంటే 44 అంగుళాల ఎత్తు ఉండాలి, ఏడుగురు మరుగుజ్జుల గని బండికి 38 ఉంటే చాలు. అక్కడ కర్ర పెట్టి కొలుస్తారు, అర అంగుళం తక్కువైనా ఎక్కనివ్వరు, అంతసేపు వరుసలో నిలబడి వెనక్కి రావడం పిల్లలు తట్టుకోలేరు. ఎక్కలేని బిడ్డ దగ్గర ఒకరు ఉంటే, మిగిలినవారు ఎక్కి దిగాక, బిడ్డ దగ్గర ఉన్నవారు మళ్లీ వరుస కట్టకుండా ఎక్కే పద్ధతి ఉన్నది. వరుస మొదట్లోనే అక్కడి మనిషికి ఆ మాట చెప్పాలి. వచ్చే ఆదివారం పిల్లలను తీసుకొని ఒకసారి కడపకు రా. వంటింటి గుమ్మానికి మా మనవడికి గీసిన పెన్సిలు గీతలు ఇంకా అట్లే ఉన్నాయి, వాటి పక్కన నీ చిన్నదానిని చెప్పులు తొడిగి నిలబెట్టి కొలుద్దాము.

ఇట్లు
మీ పెద్దమ్మ