సంచి ద్వారా ఆహారం, కళ్లలో పసుపు

ప్రశ్న: మా నాన్నగారి వయసు 58. పేగుకు రక్తం అందక పాడైపోవడంతో కాకినాడలో ఆపరేషన్ చేసి, చిన్నపేగులో చాలా భాగం తీసేశారు. అయిదు వారాలుగా మెడ దగ్గరి రక్తనాళంలో పెట్టిన గొట్టం ద్వారా, పాలలా తెల్లగా ఉండే ఆహార ద్రావణం సంచి ఎక్కిస్తున్నారు. ఇప్పుడు కళ్లు పచ్చబడ్డాయి. పిత్తాశయంలో మడ్డి చేరిందని స్కానింగులో తేలింది. ఆయనకు తాగుడు అలవాటు లేదు. సంచి ఆపించి కామెర్ల పసరు పోయించమని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, అమలాపురం మండలం

జవాబు: ముందుగా, సంచిని మీ అంతట మీరు ఆపించకండి, ఉన్నట్టుండి ఆపితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. పసరు కూడా వద్దు. ఇప్పటికే అలసిన కాలేయానికి అందులో ఏముందో తెలియని మందు అదనపు భారమే.

మనం అన్నం తిన్నప్పుడు పేగు నుంచి వెలువడే ఒక హార్మోను పిత్తాశయాన్ని పిండి, పైత్యరసాన్ని పేగులోకి పంపుతుంది. నోటికి ఆహారం లేకపోతే ఆ పిలుపే అందదు. వేసవిలో కాలువ కట్టేశాక లాకుల దగ్గర ఒండ్రు దిగినట్టు, కదలని పైత్యరసం చిక్కబడి మడ్డి అవుతుంది, ఒక్కోసారి రాళ్లూ కడుతుంది. 1983లో ఫ్రెంచి వైద్యులు 23 మంది రోగులను పరిశీలించగా, ఇలాంటి ఆహారం మొదలైన 4–6 వారాలకు సగం మందిలో, ఆరు వారాలు దాటాక అందరిలోనూ మడ్డి కనిపించింది. నోటితో తినడం మొదలుపెట్టాక నాలుగు వారాల్లో అది పోయింది. కనుక ఇందులో మీ నాన్నగారి తప్పేమీ లేదు.

కామెర్లకు మాత్రం ఇంకా కారణాలుంటాయి: గ్లూకోజు మోతాదు మించడం, సోయా నూనెతో చేసిన కొవ్వు ద్రావణం, గొట్టం ద్వారా చేరిన ఇన్ఫెక్షన్, పిత్తవాహికలో (పైత్యరసం పేగులోకి వెళ్లే గొట్టంలో) రాయి, ఇతర మందులు. వీటిలో ఏదో తేల్చకుండా సంచిమీదే నేరం మోపడం సరికాదు. సోయా కొవ్వును రోజుకు కిలో బరువుకు ఒక గ్రాము లోపు ఉంచవచ్చా, చేపనూనె కలిసిన ద్రావణం వీలవుతుందా, 24 గంటలూ కాకుండా రాత్రివేళ కొన్ని గంటలే ఎక్కించవచ్చా అని డాక్టరుగారిని అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, నోటితో కొద్దిగానైనా ఎప్పటినుంచి ఇవ్వవచ్చో అడగండి. చలిజ్వరం వచ్చినా, కుడి డొక్కలో నొప్పి వచ్చినా ఆ క్షణమే చెప్పండి. రాళ్లు లేకుండానే పిత్తాశయం వాచే ప్రమాదం ఈ రోగుల్లో ఉంది.

నోటితో ఇవ్వమన్నారు కదా అని మన కోనసీమ అలవాటు కొద్దీ కొబ్బరినీళ్లు పట్టించకండి. వాటిలో సోడియం తక్కువ. పేగు పొట్టిదైనవారికి అవి ఎక్కువైతే విరేచనాలు పెరిగి ఒంట్లో ఉప్పు పోతుంది. డాక్టరు చెప్పిన కొలతలో ఓఆర్ఎస్ గుక్కగుక్కగా ఇవ్వండి.