ఖాళీ తూటాల ఇత్తడి అమ్మేముందు వీసా చూసుకోండి

"అన్నయ్యా, నేను ఎఫ్-1 మీద వచ్చి డాలస్‌లో బాబాయి వాళ్లింట్లో ఉంటున్నాను. ఆయనకు గ్రీన్ కార్డ్ ఉంది, వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కి వెళ్తారు. మళ్లీ నింపడానికి పనికిరాని ఖాళీ తూటాలు గరాజ్‌లో రెండు బకెట్లున్నాయి. తుక్కుకు వేసి డబ్బు నన్ను ఉంచుకోమన్నారు. ఎంతొస్తుంది?"

తమ్ముడూ, ఎంతొస్తుందో తర్వాత చెప్తాను. ముందు ఆ బకెట్లు నువ్వు ముట్టుకోవద్దు, నీ కారులో అసలే వేసుకోవద్దు.

ఎఫ్-1, హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ మందుగుండు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం, 922(జి)(5) సెక్షన్. ఇది చాలామంది విన్నదే. వినని సంగతి ఏమిటంటే, ఆ చట్టం మందుగుండు కింద నిండు తూటాను ఒక్కదాన్నే లెక్కేయదు. ఖాళీ తొడుగు (కాల్చాక మిగిలే గొట్టం), ప్రైమర్ (అడుగున నిప్పు రాజేసే భాగం), బుల్లెట్ (మూతి నుంచి దూసుకెళ్లే ముక్క), పౌడర్ విడివిడిగా ఉన్నా మందుగుండే. కాల్చి కాల్చి మూతి చీలిన తొడుగు కూడా ఆ లెక్కలోకి వస్తుందా అని వాదించొచ్చు. కానీ ఆ వాదన చేసేది లాయరు, ఫీజు కట్టేది నువ్వు. 2022లో మారిన చట్టం ప్రకారం దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. పైగా శిక్ష పడితే దేశం నుంచి పంపించేసే నేరాల జాబితాలో ఈ సెక్షన్ పేరు నేరుగా ఉంది. రెండు బకెట్ల తుక్కు కోసం అంత టెన్షన్ ఎవరికి కావాలి?

ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు గడువు దాటకుండా చేతిలో ఉంటే మినహాయింపు ఉంది. అది లేకుండానే మన పిల్లలు రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకుని ఫోటోలు దిగి ఇన్‌స్టాలో పెడుతున్నారు. రేంజ్‌లో అయితే పర్లేదన్న మినహాయింపు చట్టంలో లేదు.

గ్రీన్ కార్డ్ ఉన్న మీ బాబాయికి ఈ గొడవ లేదు కాబట్టి ఆయన్నే వెళ్లి అమ్ముకోమను. ఇక నుంచి చెప్పేది ఆయనకే.

తూటా తొడుగు ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు. అందుకే రాగి ధరతో పాటు దీని ధరా ఊగుతుంది. బయల్దేరే ముందు తుక్కు కొనే యార్డులకు రెండు మూడింటికి ఫోన్ చేసి ఆ రోజు రేటు అడగాలి. పౌండుకు 9 ఎంఎం పిస్టల్ తొడుగులు సుమారు 115 తూగుతాయి, .223 రైఫిల్‌వి 75 దాకా.

ముందు అన్నింటి మీదా అయస్కాంతం తిప్పాలి. ఉక్కు తొడుగులు దానికి అంటుకుంటాయి. అల్యూమినియంవి అంటుకోవు గానీ చేతికి తేలిగ్గా తెలిసిపోతాయి. ఇవి కలిస్తే మొత్తం సరుకుకీ తక్కువ రేటు కడతారు. అసలు భయం నిండు తూటాతో. బకెట్లో ఒక్కటి మిగిలినా కొలిమిలో పేలుతుంది, కాబట్టి ఒక్కటి కనబడినా యార్డువాళ్లు బకెట్ మొత్తం వెనక్కిస్తారు. అమెరికా తుక్కు వ్యాపారంలో ఒక్కో రకానికి ఒక్కో ముద్దుపేరు ఉంటుంది: కాల్చేసిన శుభ్రమైన చిన్న తూటాల తొడుగులు 'లేక్', పేలేవేమైనా ఉంటే పేలిపోయేలా వేడిచేసి తీసినవి 'లాంబ్'.

అన్నీ తుక్కే అనుకోవద్దని కూడా చెప్పు. మూతి చీలినవి, ప్రైమర్ గుంత వదులైనవి, అడుగుకు కాస్త పైన మెరిసే గీత పడినవి తుక్కే. ఆ గీత ఉంటే తొడుగు అక్కడ పల్చబడి తెగబోతోందని అర్థం. ఒక్కసారే కాల్చి, బాగున్నవాటికి మాత్రం సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లు తుక్కు ధర కన్నా ఎక్కువే ఇస్తారు. .22 రిమ్‌ఫైర్‌వి (విడి ప్రైమర్ లేకుండా అంచులోనే మందు ఉండే చిన్న తూటాలు) ఎలాగూ మళ్లీ నింపేవి కావు.

రేంజ్ నేల మీద పడినవి ఏరుకునే అలవాటుంటే అడిగి ఏరుకోవాలి. కింద పడింది తమదే అనే రేంజ్‌లు చాలా ఉన్నాయి. యార్డులో ఫోటో ఐడీ అడిగి వివరాలు రాసుకుంటారు, కొన్నిచోట్ల నగదు బదులు చెక్కే ఇస్తారు.

ఇత్తడే కదా అని పిన్నిగారి చింతపండుతో తోమే పని పెట్టుకోవద్దు. యార్డువాడు మెరుపుకు డబ్బివ్వడు. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది, అది వంటింటి సింకులోకి వస్తుంది. గ్లౌజులు వేసుకుని గరాజ్‌లోనే ఏరాలి, పిల్లల్ని ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

చివరిగా, వాటిలో ఒకటి తీసి కీచైన్‌కి తగిలించుకుని శంషాబాద్‌లో దిగకు. మన 1959 ఆయుధాల చట్టం కూడా తూటా భాగాల్ని మందుగుండు కిందే చూస్తుంది. సెలవులకు ఇంటికి వెళ్లేముందు బ్యాగు, సూట్‌కేసు, కోటు జేబులు అన్నీ దులిపి చూసుకో.