చేపను వణికించకు

చిరంజీవికి,

వ్యాసం అందింది. నీ వాక్యంలో నడక ఉంది. కానీ రెండో పేజీలో "చలికాలంలో చేపా, కోడీ ఒంట్లో వేడి నిలుపుకోవడానికి ఎక్కువ తింటాయి" అన్నావు. కోడి సంగతి నిజం. చేప సంగతి తలకిందులు. నీ మాట నమ్మి కైకలూరు చేపల రైతు డిసెంబరులో మేత పెంచితే చెరువు పాడవుతుంది.

నీటి వేడే చేప ఒంటి వేడి. నీరు పది డిగ్రీలు చల్లబడితే దాని జీవక్రియ సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. అరుగుదల మందగించి ఆకలి చస్తుంది. చెరువులో చిల్లుల బస్తాల్లో కట్టిన తవుడు మిగులుతోందంటే మర్నాడు తగ్గించాలి. తగ్గించకపోతే అడుక్కి చేరి కుళ్లుతుంది, ఆక్సిజన్ తినేసి అమ్మోనియా వదులుతుంది. వేసవిలో ఇంకో చిక్కు. చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీరేమో తక్కువ పట్టుకుంటుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 దగ్గర ఏడున్నర. రాత్రంతా ఆక్సిజన్ తరిగిపోయిన తెల్లవారుజామున ఏరియేటర్లు, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాలు, తిరగాల్సింది అందుకే.

కోడి ఒళ్లు 41 డిగ్రీలు. చలిలో ఆ వేడి నిలపడానికే మేత కాలుస్తుంది. అయితే అప్పుడే పొదిగిన పిల్లకు ఆ శక్తి ఇంకా రాదు. అందుకే బ్రూడరులో, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే చోట, మొదటి వారం 33–35 డిగ్రీలు, తర్వాత వారానికి రెండు మూడు తగ్గిస్తారు. పిల్లలు బల్బు కింద గుట్టపడితే చలి, అంచులకు పోయి రొప్పితే వేడెక్కువ. రాయాల్సిన దృశ్యం ఇదీ, నీ "వణికే చేప" కాదు.

"శీతల రక్త జంతువు" అన్న మాట కొట్టెయ్. ఎడారి ఇగ్వానా అనే బల్లి ఎండలో 40 డిగ్రీల ఒంటితో తిరుగుతుంది, దాని రక్తం నీ రక్తం కన్నా వేడి. "బయటి వేడి మీద బతికేది" అను. పొడుగైందని సంపాదకులు కత్తిరిస్తారు. అంకె కనిపిస్తే పాఠకుడు పారిపోతాడని వాళ్లకో మూఢనమ్మకం. బదులుగా కవితాత్మకమైన ఎత్తుగడ అడుగుతారు. ఇవ్వకు.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత. ముందు నీటి వేడితో చేప జీవక్రియ ఎలా మారుతుందో నువ్వే చూడు. గాజుతొట్టిలో ఓ చేపను పెట్టి, పూట మేత ఆపు. అరుగుదల కూడా జీవక్రియను పెంచుతుంది మరి. మొప్పల మూత నిమిషానికెన్నిసార్లు కదిలిందో 22 డిగ్రీల దగ్గర మూడుసార్లు లెక్కపెట్టు, 28 దగ్గర మళ్లీ. గంటకు రెండు డిగ్రీలు మించి పెంచకు, బెదిరినా లెక్క పెరుగుతుంది. గాలిపంపు మాత్రం ఆపొద్దు. ఆపితే ఆక్సిజన్ తగ్గి మొప్పలు వేగం పెంచుతాయి, నువ్వది వేడి ఖాతాలో రాసేస్తావు.