సున్నపు గోడకు ఎమల్షన్ ఎందుకు నిలవదు?

ప్రశ్న: మాది చంద్రగిరి కోటకు దగ్గరలో, తాతల నాటి సున్నపు గోడల ఇల్లు. పుట్టీ పెట్టించి బయటంతా ఎమల్షన్ వేయిస్తే, నిరుడు వానలకు వీధి గోడ మొలలోతు దాకా పొక్కి పెచ్చులు రాలిపోతా ఉంది. ఫిబ్రవరిలో చిన్నమ్మాయి పెళ్లి. సిమెంటు పూసి మళ్లీ రంగేద్దామంటున్నాడు పెయింటర్. వేయించమంటారా?
- ఒక గృహిణి, చంద్రగిరి

జవాబు: వద్దమ్మా, సిమెంటు మాటే ఎత్తనివ్వకండి. మా నాయన సున్నం మేస్త్రీ, ఆయన వెంట కుంచె పట్టుకుని పెరిగినదాన్ని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. పాత గోడల పునాదిలో చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి పైకి పాకుతుంది. సున్నమైతే దాన్ని బయటికి వదిలేస్తుంది, ఎమల్షన్ వదలదు. రాలిన పెచ్చు ఒకటి తిరగేసి చూడండి, వెనక తెల్లటి పొడి కనిపిస్తుంది. తడితో వచ్చిన ఉప్పు అది. రంగును లోపలి నుంచి నెట్టింది అదే. సిమెంటు పూస్తే మొలలోతు చెమ్మ భుజాల దాకా ఎక్కుతుంది. మీ ఊరి రాజమహల్ కొయ్య లేకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కదా నిలబడింది!

ముందు పుట్టీతో సహా గోకించండి. ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి, నీళ్లు కొడితే మళ్లీ లోపలికి ఇంకుతుంది. గుంటలు సున్నం, ఇసుకతో పూడ్పించి గోడను ఆరనివ్వండి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి వెల్ల వేసేది సంక్రాంతి దాటాకే.

సున్నపురాళ్లు నీళ్లలో సలసలా ఉడుకుతాయి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, పనివాళ్లను కళ్లద్దాలు పెట్టుకోమనండి. నానిన సున్నాన్ని గుడ్డలో వడగట్టి, కాస్త గంజి కలిపి పాలంత పలచగా చేయాలి. గోడ తడిపి మూడు పూతలు వేయించండి, ఒకటి ఆరాకే ఇంకొకటి. తడిమీద నీళ్లు పూసినట్టే ఉంటుంది, పనివాడు కంగారుపడి చిక్కగా కలిపేస్తాడు. ఒప్పుకోకండి, చిక్కటి పూత చేతికి పొడిగా అంటుకుంటుంది. పలచటిది ఆరేకొద్దీ తెల్లబడుతుంది. కింద మూరెడు ఎర్రమట్టి పట్టీ తీయిస్తే వాన చిందులు కనబడవు.

ఒక్క సంగతి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడానికి 100 మీటర్ల లోపు మరమ్మతులకూ అనుమతి కావాలి, ఆ పైన 200 మీటర్లూ నియంత్రణలోనే ఉంటాయి. గోకే ముందే అడిగి తెలుసుకోండి.

పెళ్లిలోగా వీధి గోడ ఒక్కటి అయితే చాలు. పెరటి గోడ ఉగాదికి చేయించుకోవచ్చు.