ఆఫీసులో అన్ని మతాల వారికీ సంక్రాంతి అరిసెలు ఇవ్వవచ్చా?

ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైందని, సంక్రాంతికి అమ్మ పంపే అరిసెలు సెక్షన్‌లోని పద్నాలుగు మందికీ పంచాలని ఉందని, వారిలో ముస్లింలు, క్రైస్తవులు, ఒక జైన సహోద్యోగి ఉండడంతో ఎవరేమనుకుంటారోనని వెనకాడుతున్నానని రాశారు. తప్పకుండా పంచండి. నేను హైదరాబాద్‌లో ఒక బీమా కార్యాలయంలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో పండుగకు తినేది తెచ్చి ఇచ్చినందుకు ఎవరూ నొచ్చుకోవడం చూడలేదు. ఇచ్చిన తీరుకు, తీసుకోకుండా వదిలేసిన తీరుకు నొచ్చుకోవడం మాత్రం చూశాను. అలాంటిది ఒకటి నా వల్లే జరిగింది కనుక ముందు అదే చెబుతాను.

2019లో రంజాన్ పండుగ జూన్ 5న, బుధవారం వచ్చింది. మా సెక్షన్‌లో వయసులో పెద్దావిడ ఒకరున్నారు, అందరం ఆపా అని పిలుస్తాం. మర్నాడు ఆమె పెద్ద ఫ్లాస్కు నిండా షీర్ ఖుర్మా తెచ్చారు. సన్న సేమ్యా, ఖర్జూరం, సారపప్పు, పిస్తా వేసి తెల్లవారుజామునే లేచి కాచిన పాలు. కాగితపు కప్పుల్లో పోసి ఒక్కొక్కరి బల్ల మీదా తానే పెట్టి వెళ్లారు. నాకు గురువారం ఉపవాసం. పగలు పాలు, పండ్లు తప్ప ఏమీ తీసుకోను, సేమ్యా పనికిరాదు. పని ఒత్తిడిలో తల ఎత్తకుండానే “తర్వాత తీసుకుంటాను ఆపా” అన్నాను. ఉపవాసం సంగతి చెప్పలేదు. కప్పు సాయంత్రం దాకా అక్కడే ఉంది, పైన మీగడ కట్టింది. ఇంకో ఇద్దరు శాకాహారులు మాంసం వండే ఇంటి గిన్నెలన్న సందేహంతో ముట్టుకోలేదు. ఆఫీసు మూసే వేళకు అటెండరు ఆ మూడు కప్పులూ తీసుకెళ్లి పారబోశాడు. ఆపా సంచి సర్దుకుంటూ చూశారు, ఏమీ అనలేదు.

తర్వాతి రెండు రంజాన్లు కరోనాలో గడిచాయి. 2022లో మే 3న పండుగ. మర్నాడు ఆపా చేతిలో ఫ్లాస్కు లేదు. దుకాణంలో కొన్న, సీలు విప్పని మిఠాయి డబ్బా ఉంది. ఆకుపచ్చ చుక్క అందరికీ కనబడేలా తిప్పి పెట్టి, “బయట కొన్నదే మేడమ్, శాకాహారమే, మీరంతా తినవచ్చు” అన్నారు. నా గుండె కలుక్కుమంది. ఆ మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని, మూడేళ్ల కిందటి గురువారం గురించి చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, “ఆ రోజే ఒక్క మాట చెప్పి ఉంటే మీ టిఫిను డబ్బాలో పోసి ఇచ్చేదాన్ని కదా, రాత్రికి తాగేవారు” అన్నారు.

అందుకే మీ అరిసెల సంగతికి ముందు ఇది రాశాను. మీరు పంచడం మొదలుపెడితే వాళ్లూ తెస్తారు. తినలేకపోతే, ఎందుకు తినలేరో ఆ క్షణమే, నోరు తెరిచి చెప్పండి. ఉపవాసమైతే ఉపవాసమని, గుడ్డు తిననంటే గుడ్డు తిననని. ఏమీ చెప్పకుండా వదిలేసిన కప్పును చూసి అవతలివాళ్లు తమ ఇంటిని, తమ చేతిని తప్పుపట్టారనే అనుకుంటారు.

ఇక మీరు ఇచ్చే విషయం. పదార్థంగా చూస్తే అరిసెల్లో అభ్యంతరపెట్టవలసినది లేదు. కొత్త బియ్యపు పిండి, బెల్లం పాకం, నువ్వులో గసగసాలో, నెయ్యి లేదా నూనె, అంతే. చిక్కల్లా దేవుడి గదిలోనే వస్తుంది.

మా లెడ్జర్లు చూసే ఆయన క్రైస్తవుడు, తెనాలి వైపు వారు. క్రిస్మస్‌కు ఆయన ఇంటి నుంచి కేకు కంటే ముందు అరిసెలు, కజ్జికాయలు, జంతికలు వస్తాయి. కోస్తాలో చాలా క్రైస్తవ కుటుంబాల్లో పండుగ వంటలంటే ఇవే. ఒక ఏడాది వినాయక చవితి మర్నాడు నేను పూర్ణం బూరెలు తెచ్చి, “ప్రసాదం” అంటూ ఆయన చేతిలో పెట్టాను. కాదనలేక రెండు చేతులా అందుకుని సొరుగులో పెట్టుకున్నారు. చాలా నెలల తర్వాత మాటల మధ్యలో చెప్పారు: “తినలేను మేడమ్. పారేయడానికీ మనసొప్పలేదు, మీ దేవుడికి పెట్టింది కదా. చివరికి వెళ్లేటప్పుడు వాచ్‌మన్‌కు ఇచ్చాను.” రోజంతా ఆ మనిషిని అలా ఇరకాటంలో పెట్టానని నాకు తెలియనే లేదు.

పౌలు కొరింథులోని సంఘానికి రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించే. దానిని గట్టిగా పాటించే క్రైస్తవులు ప్రసాదం తినరు. ముస్లింలలోనూ చాలామంది తినరు. అలాగని అందరినీ ఒకే గాటన కట్టకండి. ఆపా తిరుపతి లడ్డు తీసుకోరు. అదే సెక్షన్‌లోని ముస్లిం కుర్రవాడు ఎవరు తిరుపతి వెళ్లినా “నా లడ్డు ఏది అన్నా?” అని అడిగి తీసుకుంటాడు. మతం పేరు చూసి మనం తీర్మానం చేసేస్తే ఈ ఇద్దరిలో ఒకరికి అన్యాయం చేసినట్టే.

బూరెల సంగతి తెలిశాక మా ఇంట్లో పద్ధతి మారింది. నైవేద్యానికి చిన్న పళ్లెంలో విడిగా తీస్తాం. ఆ పళ్లెంలోది ఇంట్లో వాళ్లం తింటాం, ఆఫీసు డబ్బాలో కలపం. మా అత్తగారిది హనుమకొండ, సంక్రాంతికి సకినాలు ఆవిడే చుడతారు. దేవుడికి చూపించకుండా బయటికి పంపడమేమిటని మొదట ఒప్పుకోలేదు. దేవుడికి పెట్టాకే పంపుతున్నాం, ఆ పళ్లెంలోది మాత్రం పంపడం లేదు అని చెబితే కాసేపు ఆలోచించి సరేనన్నారు. ఇప్పుడు “ఆఫీసు డబ్బా వేరుగా తీశావా?” అని ఆవిడే అడుగుతారు. మీ అమ్మగారికి ఫోను చేసి మీరూ ఈ మాట ముందే చెప్పండి, డబ్బాలు కట్టేశాక కష్టం. పంచేటప్పుడు “ఇవి దేవుడి ముందు పెట్టినవి కావు” అని ఒక్క మాట అనండి చాలు. ఒకవేళ ప్రసాదమే అయితే ప్రసాదమని చెప్పండి. చెప్పకుండా తినిపిస్తే, తర్వాత తెలిసినప్పుడు ఆ మనిషి మిమ్మల్ని మళ్లీ నమ్మరు. నమ్మకూడదు కూడా.

పొట్లాల్లో పసుపు, కుంకుమ, తమలపాకు, వక్క పెట్టకండి. అమ్మలు అలవాటుగా పెట్టేస్తారు. అది పెడితే పిండివంట కాస్తా పేరంటపు తాంబూలమవుతుంది, తీసుకునేవాళ్లకు మళ్లీ అదే సంకోచం.

జైన సహోద్యోగి కోసం విడిగా ఏమీ వండనక్కరలేదు. వాళ్లు ఉల్లి, వెల్లుల్లి, అల్లం, బంగాళాదుంప లాంటి నేలలో పెరిగేవి తినరు, నియమంగా ఉండేవాళ్లు సూర్యాస్తమయం తర్వాత భోజనమే చేయరు. అరిసెలు ఇవ్వవచ్చు. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పుతో చేసే సకినాలూ ఇవ్వవచ్చు. అల్లం వెల్లుల్లి నూరి వేసిన చెక్కలు మాత్రం ఆ పొట్లంలో కలపకండి. సాయంత్రం ఇళ్లకు వెళ్లే వేళకు కాక పగలే ఇవ్వండి. వేరుశనగ, జీడిపప్పు పడనివాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు ప్రతి ఆఫీసులో ఉంటారు కనుక ఏమేం వేశారో పొట్లం మీద రాయడం మంచిది.

సంక్రాంతికి ఉపవాసాల చిక్కు పెద్దగా ఉండదు, కానీ ఇది మీకు ఎప్పటికైనా పనికొస్తుంది. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ పండుగ 31న, వెంటవెంటనే వచ్చాయి. ఆఫీసులో ఉగాది పచ్చడి శుక్రవారం, 28నే చేసుకున్నాం. అది ఉపవాసాల చివరి వారం. ఆపా, ఆ కుర్రవాడు ఇద్దరూ రోజా ఉన్నారు, పగలు నీళ్లు కూడా ముట్టరు. ముందే అడిగాను, మీ కోసం తీసి ఉంచనా అని. ఆపా చిన్న స్టీలు డబ్బా ఇచ్చారు. కొత్త చింతపండు, బెల్లం, మామిడి ముక్కలు, వేపపూత కలిపిన పచ్చడి అందులో పోసి మూత బిగించి ఇచ్చాను. ఆ సాయంత్రం ఆరున్నర దాటి ఇఫ్తార్ అయ్యాక ఆమె ఫోను చేశారు. వేపపూత తగిలిందట, చేదుకు మనవడు మొహం ముడిచాడట. ఏప్రిల్ 1, మంగళవారం ఫ్లాస్కు మళ్లీ ఆఫీసుకు వచ్చింది. ఆరేళ్ల కిందట తాగకుండా వదిలేసిన షీర్ ఖుర్మా రెండు కప్పులు తాగాను.

క్రిస్మస్ కేకు విషయంలో ఒక హెచ్చరిక. ప్లమ్ కేకులో చాలా చోట్ల ఎండు పండ్లను రమ్ములోనో బ్రాందీలోనో నానబెడతారు. ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్క గుడ్డు, మాంసం లేవని మాత్రమే చెబుతుంది, మద్యం సంగతి చెప్పదు. గుడ్డు లేని కేకు కొన్నాం కదా అని మేము ఒకసారి ధీమాగా ఉన్నాం. ఆ కుర్రవాడు ముక్క నోటి దాకా తీసుకెళ్లి వాసన పసిగట్టి ఆగిపోయాడు. అప్పటి నుంచి బేకరీలో మూడు ప్రశ్నలు అడుగుతాను: గుడ్డు ఉందా, మద్యం ఉందా, జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉందా. నారింజ రసంలో పండ్లు నానబెట్టి చేసేవాళ్లు దొరుకుతారు. డిసెంబరులో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు కూడా ఉంటారు. నలభై ఒక్క రోజుల దీక్షలో ఉన్న స్వామికి బయటి కేకు చూపించి బలవంతపెట్టకండి, రెండు అరటిపళ్లు ఇస్తే సంతోషంగా తీసుకుంటారు.

మాది నెల్లూరు. మొహర్రం సమయంలో బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. చిన్నప్పుడు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని స్వర్ణాల చెరువులోకి దిగేదాన్ని. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరుకునేవాళ్లు తీసుకుంటారు. ఏ మతమని ఎవరూ అడగరు. ఇచ్చేవాళ్లు చేతిలో రొట్టె పైకెత్తి “చదువు రొట్టె”, “పెళ్లి రొట్టె”, “ఉద్యోగం రొట్టె” అని పిలుస్తారు. అది కావలసినవాళ్లు నీళ్లలో నడిచి దగ్గరికి వస్తారు. ఎవరి చేతిలోనూ బలవంతంగా పెట్టరు. నేను ఆఫీసులో నేర్చుకోవడానికి ఇన్నేళ్లు పట్టినది ఆ చెరువులో అందరూ ఎప్పటి నుంచో చేస్తున్నారు.

మీరూ అలాగే చేయండి. పండుగ సెలవు అయ్యాక డబ్బా తీసుకెళ్లి అందరికీ అందుబాటులో ఉన్న బల్ల మీద పెట్టండి. అరిసెలు పది రోజులైనా పాడవవు, తొందరేమీ లేదు. మీ పేరు, చేసింది అమ్మ అని, వేసినవి ఏమిటో, దేవుడి ముందు పెట్టలేదని ఒక కాగితం మీద రాసి పక్కన ఉంచండి. పక్కనే చిన్న పొట్లాలు పెడితే ఇంటికి తీసుకెళ్లేవాళ్లు తీసుకెళ్తారు. ఎవరు తీసుకున్నారు, ఎవరు తీసుకోలేదు అని లెక్క చూసుకోకండి. జైన సహోద్యోగిని మాత్రం ముందు రోజే అడగండి, ఆ నెలలో ఆయనకు ఏదైనా నియమం ఉందేమో.