ముద్దచర్మం వచ్చిన ఆవుకు రోజూ సూదులా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. రెండు జెర్సీ ఆవులు, ఒక ఎనుము, ఆరు నెలల దూడ ఉన్నాయి. ఐదు రోజుల కింద ఒక ఆవుకు జ్వరం వచ్చి ఒళ్లంతా గడ్డలు లేచాయి, ముందు కాళ్లు వాచాయి, పాలు బాగా తగ్గిపోయాయి. ఊళ్లో సూదులేసే ఆయన రోజుకు రెండు వేస్తున్నాడు, అయినా గడ్డలు పోలేదు. టీకా వేయిస్తే తగ్గుతుందా? ఇంకో ఆవు చూడితో ఉంది, టెన్షన్‌గా ఉంది.
- ఒక పాడి రైతు, అనంతపురం జిల్లా

జవాబు: అన్నా, మీరు చెప్పినదాన్ని బట్టి ఇది లంపీ స్కిన్, అంటే ముద్దచర్మ వ్యాధిలాగే ఉంది. ఈ వైరస్‌ను చంపే మందు ఇంతవరకు లేదు. ఎన్ని సూదులు వేసినా గడ్డలు రెండు రోజుల్లో కరిగిపోవు. యాంటీబయాటిక్ పనికొచ్చేది గడ్డలు పగిలి చీము పట్టకుండా, న్యుమోనియా రాకుండా, అదీ డాక్టర్ చెప్పినన్ని రోజులే. 104 డిగ్రీలు దాటే జ్వరానికి, నొప్పులకు వేరే మందు ఇస్తారు. ఇప్పటిదాకా వేసిన మందుల ఖాళీ సీసాలు పారేయకుండా ఉంచి, పశువుల అంబులెన్స్ నంబర్ 1962కు ఫోన్ చేసి వచ్చిన డాక్టర్‌కు చూపించండి, వాటిలో ఒంటి రోగనిరోధక శక్తిని తగ్గించే స్టెరాయిడ్ ఉందేమో ఆయన చూస్తారు. ఇంకో మాట, జబ్బు పశువుకు వాడిన సూదే పక్కదానికీ గుచ్చితే రోగాన్ని మనమే ఎక్కించినట్టు. పశువుకో కొత్త సూది అని గట్టిగా అడగండి.

టీకా జబ్బు పడిన ఆవుకు వద్దు. జ్వరం లేని ఎనుముకు, దూడకు వెంటనే వేయించండి. మన దగ్గర ఎక్కువగా వేసేది మేకల మశూచి టీకా, దాని బలం పూర్తిగా రావడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. చూడి ఆవుకు ఎన్నో నెలో డాక్టర్‌కు చెప్పి ఆయన మాట ప్రకారమే చేయండి, ఎందుకంటే ఈ జబ్బు జ్వరానికి ఈసుకుపోయే, అంటే కడుపు జారిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఆ మూడు వారాలు కాపలా కాయాల్సింది ఈగలు, దోమలు, పిడుదుల మీద, రోగాన్ని మోసేవి ముఖ్యంగా అవే. జబ్బు ఆవును వేరే చోట కట్టి, తొట్టి, బక్కెట్ విడిగా పెట్టి, పాలు చివర్లో పిండండి. కొట్టం పక్కనే పేడ, కుళ్లిన మేత కుప్పగా ఉంటే దూరం తీయించండి, కుట్టే ఈగలు పుట్టేది అందులోనే. సాయంత్రం వేపాకు పొగ వేయండి. జబ్బు తగ్గేదాకా ఏ పశువునూ సంతకు తోలకండి, ఊరి మందలో కలపకండి.

నోట్లో పుండ్లుంటే ఎండు శెనక్కాయ కట్టె నమలలేదు, మెత్తని పచ్చిమేత, రాగి జావ, నీళ్లు మూతి దగ్గరే పెట్టండి. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ చెప్పే ఇంటి మందు కూడా డాక్టర్ మందుతో పాటు ఇవ్వొచ్చు: తమలపాకులు 10, మిరియాలు 10 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు నూరి బెల్లంతో ముద్ద చేసి, మొదటి రోజు మూడు గంటలకోసారి, తర్వాత రెండు వారాలు రోజుకు మూడుసార్లు. పగిలిన గడ్డలకు కుప్పింటాకు, వేపాకు, తులసి, గోరింటాకు గుప్పెడేసి, వెల్లుల్లి 10 రెబ్బలు, పసుపు 20 గ్రాములు నూరి అర లీటరు కొబ్బరి నూనెలో కాచి, చల్లారాక రాయండి. పురుగులు పడితే మొదటి రోజు సీతాఫలం ఆకు ముద్ద పెట్టాలి.

కొన్ని ఊళ్లలో అమ్మవారు పోసిందని మందు మానేస్తున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది. మొక్కు మొక్కుకోండి, మందు మాత్రం ఆపకండి. సరిగా చూసుకుంటే ఎక్కువ పశువులు కోలుకుంటాయి.

ప్రశ్న: గడ్డలొచ్చిన ఆవు పాలు పిల్లలకు పోయొచ్చా?
- ఒక గృహిణి, కడప

జవాబు: ఈ జబ్బు మనుషులకు రాదమ్మా. పాలు బాగా పొంగించి కాచి తాగండి. కానీ యాంటీబయాటిక్ వేస్తున్న రోజుల్లో, ఆ తర్వాత డాక్టర్ చెప్పినన్ని రోజులు పారబోయాల్సిందే. దూడను ఆ ఆవు పొదుగుకు వదలకండి, వేరే ఆవు పాలు కాచి చల్లార్చి సీసాతో పట్టండి.